బొమ్మకి డబ్బులిచ్చిందెవరు?

మా ఇంట్లో హాలు గోడకి ఒక పెన్సిలు బొమ్మ ఉంది. మా తాతమ్మది, అంటే మా తాతయ్య వాళ్ళమ్మ. ఆవిడ పోయాక, 1950ల్లో, ఉన్న ఒక్క ఫోటో ఇచ్చి తెనాలిలో ఒక ఆర్టిస్టు చేత వేయించారు. నడినెత్తిన పాపిడి, పెద్ద బొట్టు, కాస్త బిగబట్టిన పెదాలు, మెడలోంచి గుండెల మీదికి దిగిన కాసులపేరు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు దాని ముందు ఓ నిమిషం ఆగి రెండు మాటలంటారు. ఒకటి, "బాగా ఉన్నవాళ్ళన్నమాట!" రెండోది, "ఆవిడ గట్టి మనిషిలా ఉందే."

మొదటి మాట నిజం కాదని మాకు తెలుసు. పెంకుటిల్లూ, కౌలుకి చేసుకునే రెండెకరాలూ తప్ప వాళ్ళకేమీ ఉండేది కాదు. ఆ రోజుల్లో ఆర్టిస్టులు అలా నగలు పెట్టి ఇచ్చేవారు, అదీ అలాంటిదే అని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. రెండో మాట సంగతి తేల్చగలిగినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. మా నాన్నకి ఊహ తెలిసేలోపే ఆవిడ వెళ్ళిపోయింది.

కాసులు చూసి హోదా చెప్పడం, పెదాలు చూసి గుణం చెప్పడం. బొమ్మలు చూసేటప్పుడు మనందరం చేసే పనే ఇది. నేను కూడా చాలా ఏళ్ళు బట్టల్లో హోదా ఉంటుందనీ, ముఖంలో స్వభావం ఉంటుందనీ నమ్మాను. ఆ నమ్మకం పోవడానికి కారణం ఒక ఫ్రెంచి చిత్రకారుడు. పేరు ఆంగ్ర్. 1780లో దక్షిణ ఫ్రాన్సులో మోంతోబాన్ అనే ఊళ్ళో పుట్టి, 1867లో పారిస్‌లో పోయాడు. ఆయన వేసిన పెన్సిలు రూపచిత్రాలు 400కు పైగా మిగిలి ఉన్నాయి. పెన్సిలుతో మనిషిని కాగితం మీదికి దించడంలో ఆయనకి సాటి వచ్చేవాళ్ళు నాకైతే కనిపించలేదు.

ఆ బొమ్మలు ఎలా ఉంటాయో ముందు చెప్పాలి. నున్నటి తెల్ల కాగితం, సన్నగా చెక్కిన గట్టి పెన్సిలు. ముఖం మీద ఛాయలు ఎంత మెత్తగా ఉంటాయంటే, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనుక్కోలేం. కనురెప్ప అంచు, ముక్కు పక్కన పడే నీడ, కింది పెదవి మీద తడి, అన్నీ ఉంటాయి. గడ్డం దాటి కిందికి రాగానే ఆ చెయ్యి పూర్తిగా మారిపోతుంది. కోటు మడతలు చకచకా నాలుగు గీతలు. చేతి తొడుగులు ఒక మెలిక. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాగితం దాదాపు ఖాళీ. పరీక్షగా చూస్తే ఆ ఖాళీలో కూడా బట్ట పట్టుదో ఉన్నిదో తెలిసిపోతుంది. అలా కాగితమే రెండు వాటాలుగా పంచినట్టు ఉండబట్టి, పైన గుణం, కింద హోదా అనుకోవడం చూసేవాళ్ళకి సులువైపోయింది.

ఈ బొమ్మలన్నీ ఆయన ఇష్టపడి వేసినవి కావు. 1801లో రోముకి పంపి చదివించే పెద్ద బహుమతి గెలుచుకుని, సర్కారు దగ్గర డబ్బుల్లేక ఐదేళ్ళు ఆగి, 1806లో రోముకి చేరాడు. పురాణాలూ చరిత్రా పెద్ద పెద్ద కాన్వాసుల మీద వేసేవాడే అసలైన చిత్రకారుడని ఆ కాలం నమ్మింది, ఆయనా నమ్మాడు. నెపోలియన్ ఉన్నన్నాళ్ళూ రోములో ఫ్రెంచి అధికారులు ఉండేవారు, పనులిచ్చేవారు. నెపోలియన్ పడిపోగానే వాళ్ళంతా మూటాముల్లె సర్దుకున్నారు. అప్పటికి పెళ్ళయింది, ఇల్లు గడవాలి. యుద్ధాలు ఆగాయి కదా అని ఇటలీ చూడటానికి ఇంగ్లీషు దొరలు గుంపులుగా దిగారు. వాళ్ళకి పెన్సిలు బొమ్మలు వేసి ఇస్తూ ఆ తర్వాతి కొన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. ఒకరోజు ఎవరో తలుపు తట్టి, చిన్న బొమ్మలు వేసే ఆయన ఉండేది ఇక్కడేనా అని అడిగితే, "కాదు, ఇక్కడుండేది పెయింటరు" అని చెప్పి తలుపేశాడని ఒక కథ. ఆయన గురించి రాసేవాళ్ళంతా ఈ కథ చెబుతారు. నాకు మాత్రం అది తలుచుకున్నప్పుడల్లా గుండె పట్టేస్తుంది. అన్నం పెడుతున్న పనిని తన పని అని ఒప్పుకోలేకపోవడం చిన్న బాధ కాదు.

1816లో వేసిన లార్డ్ గ్రాంథమ్ బొమ్మ చూడండి. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో గెట్టీ మ్యూజియంలో ఉంది, వాళ్ళ వెబ్‌సైటులో పెద్దది చేసుకుని చూడొచ్చు. ముప్పై నాలుగైదేళ్ళ మనిషి, నిలువెత్తు, వంటికి అతికినట్టున్న కోటు. వెనకాల దూరంగా, పలచటి గీతల్లో రోములోని సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటం. తర్వాతి రోజుల్లో ఈయన ఎర్ల్ డి గ్రే అయ్యాడు, ఐర్లండుకి బ్రిటిష్ రాజప్రతినిధిగా వెళ్ళాడు, బ్రిటన్‌లో ఆర్కిటెక్టుల సంస్థకి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఈ వివరాలు తెలిశాక బొమ్మ చూస్తే అన్నీ ఆ ముఖంలోనే ఉన్నట్టనిపిస్తుంది. నిబ్బరం, పుట్టుకతో వచ్చిన దర్జా, ఎవరినీ దగ్గరికి రానివ్వని చూపు.

ఆ దూరం ఎవరిది? నాకు వచ్చిన ప్రశ్న ఇది. ఇది నాకు పుస్తకాల్లోంచి రాలేదు, చేతిలోంచి వచ్చింది.

డిగ్రీ చదివే రోజుల్లో విజయవాడలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు ఒక మూల స్టూలు వేసుకుని బొమ్మలు వేసేవాణ్ణి. ముఖానికి ముప్పై రూపాయలు. ఒక సాయంత్రం నలభై దాటిన ఒకాయన భార్యతో వచ్చి కూర్చున్నారు. కూర్చోగానే జేబులో పెన్ను సర్దుకున్నారు. ఎడమ చెయ్యి మోకాలి మీంచి తీసి, వాచీ నాకు కనిపించేలా పైకి పెట్టుకున్నారు. "వాచీ పడాలి బాబూ" అన్నారు. సరేనన్నాను. వాచీలో ముళ్ళు కూడా వేశాను. పావుగంటలో బొమ్మ అయింది. చూసుకుని, "మరీ అంత కోపంగా ఉన్నానా?" అన్నారు. ఆవిడ వెనకనించి తొంగి చూసి, "మీరు బయటివాళ్ళ దగ్గర అలాగే ఉంటారు. ఇంట్లో ఇలా ఉండరు" అంది.

ఆ రాత్రి హాస్టల్‌కి నడిచి వెళ్తూ ఆవిడ మాటే తలుచుకున్నాను. ఆయనలో కోపం ఎక్కడుంది? ఉన్నదల్లా నా భయం. బేరమాడతారేమో, నచ్చలేదని డబ్బులివ్వకుండా లేచిపోతారేమో అని గీసినంతసేపూ బెదురుతూనే ఉన్నాను. ఆ బెదురే ఆయన కనుబొమల మధ్య రెండు గీతలై కూర్చుంది. వాచీ ఆయన పెట్టించుకున్నది. కోపం నేను పెట్టింది. అసలు ఆ మనిషి స్వభావం ఆ కాగితం మీదికి రాలేదు. వచ్చిందల్లా డబ్బిచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య నడిచిన ఆ పావుగంట.

అందుకే గ్రాంథమ్ చూపులోని దూరాన్ని గ్రాంథమ్ గుణంగా నేను ఒప్పుకోను. తలుపు తట్టినవాడికి "ఇక్కడుండేది పెయింటరు" అని చెప్పుకోవాల్సొచ్చిన మనిషి, తనని పనివాడిగా చూసే దొరని గీస్తున్నాడు. గోడ అక్కడే ఉంది. ఆ గోడ ఇద్దరిదీ. రూపచిత్రంలో మనం చదవగలిగింది ఒక మనిషిని కాదు, ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని. నా వాదన ఇంతే. దీన్ని ఆంగ్ర్ స్నేహితుల బొమ్మల మీద పరీక్షించి చూడొచ్చు, ఎందుకంటే అక్కడ డబ్బు లేదు.

రోములో ఫ్రెంచి అకాడమీ ఉన్న విల్లా మెడిచికి 1807 నుంచి 1816 దాకా డైరెక్టరుగా ఉన్నాయన గియోమ్ లెతియేర్. ఆంగ్ర్ ఆయన్నీ, ఆయన కుటుంబాన్నీ మళ్ళీ మళ్ళీ గీశాడు. 1808లో ఆయన భార్యనీ కొడుకునీ గీసిన బొమ్మ న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1815లో ఆయన్నే గీసింది అదే ఊళ్ళో మోర్గన్ లైబ్రరీలో ఉంది. బరువైన కోటు, ఉంగరాల జుట్టు, నిండు ముఖం. గ్రాంథమ్ బొమ్మ పక్కన పెట్టి చూస్తే తేడా ముందు ముఖంలో కాదు, కోటులో తెలుస్తుంది. గ్రాంథమ్ కోటు కుట్టినవాడి పనితనం కనిపించేలా గీసింది. లెతియేర్ కోటు ఆ మనిషి రోజూ వేసుకునే కోటు. తొందరగా, చనువుగా, చెయ్యి ఎక్కడా వణక్కుండా గీసింది.

ఈ లెతియేర్ ఎవరు? 1760లో కరీబియన్ దీవుల్లో గ్వాడెలూప్‌లో పుట్టాడు. తండ్రి తెల్లవాడు, వలస అధికారి. తల్లి మిశ్రమ సంతతి స్త్రీ, బానిసత్వం చవిచూసినది. పెళ్ళి లేని ఆ సంబంధంలో మూడో బిడ్డ కనక మూడోవాడు అనే అర్థంతోనే ఆ పేరు వచ్చింది. తండ్రి కాగితాల మీద కొడుకుగా ఒప్పుకునేసరికి 1799 అయింది, అప్పటికి కొడుక్కి ముప్పై తొమ్మిదేళ్ళు. అలాంటివాడు రోములో ఫ్రాన్సు కళకి పెద్దదిక్కయి కూర్చున్నాడు. 1822లో, హైతీ స్వాతంత్ర్య వీరులు ఇద్దరు ప్రమాణం చేస్తున్నట్టు పెద్ద చిత్రం వేసి, సంతకంలో గ్వాడెలూప్‌లో పుట్టినవాణ్ణి అని రాసుకున్నాడు. ఆ చిత్రాన్ని హైతీకే పంపించాడు.

ఇది తెలిసిన దగ్గర్నుంచి చూసేవాళ్ళ కళ్ళు ఆ పెన్సిలు బొమ్మలో తల్లిని వెతుకుతాయి. జుట్టు ఉంగరాల్లో, ముక్కులో, పెదాల్లో. నా కళ్ళూ వెతికాయి. వెతుకుతున్నానని గ్రహించినప్పుడు సిగ్గేసింది. కారణం చెప్తాను.

పందొమ్మిదో శతాబ్దంలో ముఖం చదవడం సరదా కాదు, శాస్త్రం అనుకున్నారు. జ్యూరిక్‌లో లావాటర్ అనే పాస్టరు 1775 నుంచి 1778 దాకా నాలుగు సంపుటాలు అచ్చువేశాడు, నుదురూ ముక్కూ గడ్డమూ చూసి గుణం చెప్పొచ్చని. యూరప్ అంతా అది చదివింది. మనకి సాముద్రికం ముందే ఉంది కాబట్టి మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. కానీ ఆ చదువు మన గడప దాకా వచ్చేసరికి చేతిలో కొలబద్ద పట్టుకుని వచ్చింది. రిస్లీ అనే బ్రిటిష్ అధికారి ముక్కు వెడల్పుని బట్టి కులం అంతస్తు ఉంటుందని తేల్చాడు. ముక్కు ఎంత వెడల్పయితే అంతస్తు అంత తక్కువట. ఆయనే 1901 జనాభా లెక్కలకి కమిషనరు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్‌స్టన్, దక్షిణాది మనుషుల తలలూ ముక్కులూ కొలిచి, రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. మన ఊళ్ళ పేర్లు, మన తాతముత్తాతల కులాల పేర్లు వాటిలో ఉన్నాయి. హోదా ముందే తెలుసు, దానికి ముఖంలో సాక్ష్యం వెతికారు. ముఖం చూసి బొట్టు పెట్టడం అంటామే, అదే పని, కాకపోతే సర్కారు ఖర్చుతో. లెతియేర్ ముక్కులో గ్వాడెలూప్‌ని వెతికే కన్ను అక్కడినించి వచ్చిన కన్నే. ఆంగ్ర్ పెన్సిల్ ఆ పని చెయ్యలేదు. ఆ బొమ్మలో ఉన్నది మిత్రుడి ముందు నిలబడిన మిత్రుడు. అంతకంటే ఎక్కువ చెప్పమని దాన్ని నిలదీసే హక్కు మనకి లేదు.

గ్రాంథమ్ రోములో నిలబడిన ఆ 1816లోనే, మన మద్రాసులో థామస్ హికీ అనే చిత్రకారుడు, మన ఊళ్ళ చరిత్రలు పోగుచేయించిన సర్వే అధికారి కల్నల్ మెకంజీని తైలవర్ణాల్లో వేశాడు. ఎర్రకోటులో మెకంజీ, చుట్టూ ఆయన దగ్గర పనిచేసిన ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో టెలిస్కోపు, ఒకరి చేతిలో తాటాకు ప్రతి. మన చరిత్రకి ఆధారమైన కైఫీయతులు, అంటే ఆ ఊళ్ళ చరిత్రలు, పోగుచెయ్యడంలో ఏలూరు వాళ్ళైన కావలి సోదరుల చెమట ఎంతో ఉంది. ఆ ముగ్గురిలో ఒకరు కావలి లక్ష్మయ్య అనుకుంటారు. అనుకోవడం దగ్గరే ఆగిపోయింది చూడండి. మధ్యలో ఉన్నాయన ఎవరో ఎవరూ అడగక్కర్లేదు. డబ్బిచ్చింది ఆయన.

నా వాదనకి ఎదురుగా నిలబడే బొమ్మ ఒకటుంది, దాన్ని దాటేసి వెళ్ళడం న్యాయం కాదు. 1819లో ఆంగ్ర్ రోములో గీసిన పగనీని, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఫిడేలు విద్వాంసుల్లో అంతటివాడు లేడని యూరప్ ఊగిపోయిన పగనీనియే. దయ్యంతో ఒప్పందం చేసుకున్నాడని జనం నమ్మిన మనిషి, 1840లో చనిపోతే చర్చి పద్ధతిలో పూడ్చడానికి బిషప్ ఒప్పుకోని మనిషి. ఆంగ్ర్ బొమ్మలో దయ్యమూ లేదు, పూనకమూ లేదు. శుభ్రంగా దుస్తులు వేసుకుని, ఫిడేలూ కమానూ పట్టుకుని, పని మొదలుపెట్టబోతున్నవాడిలా ప్రశాంతంగా ఉన్నాడు. 1831లో దెలక్రువా అనే ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు వేసిన చిన్న తైలచిత్రంలో అదే పగనీని చీకట్లో వంకరగా ఊగే నల్లటి జ్వాలలా ఉంటాడు. ఎవరిది నిజమైన పగనీని అని కళా విమర్శకులు ఎప్పటినుంచో వాదించుకుంటున్నారు. చాలామంది దెలక్రువా వైపే. ఆంగ్ర్‌కి ఆ మనిషి లోపలి మంట కనపడలేదంటారు.

ఆ మాట నేను ఒప్పుకోలేను. ఆంగ్ర్ చిన్నప్పుడు తులూజ్‌లో ఆర్కెస్ట్రాలో ఫిడేలు వాయించినవాడు, జీవితాంతం వాయిస్తూనే ఉన్నాడు. ఫ్రెంచిలో ఇప్పటికీ అసలు వృత్తి కాకుండా ఇష్టంగా చేసుకునే పనిని "ఆంగ్ర్ ఫిడేలు" అంటారు. వాయిద్యం పట్టినవాడు వాయిద్యం పట్టినవాణ్ణి చూసే చూపు వేరు. భుజం ఎక్కడ సడలి ఉంది, వేళ్ళు ఎలా ఒదిగాయి, అవి చూస్తాడు. దెలక్రువా చూసింది వేదిక మీది మనిషిని, దీపాల వెలుగులో, హాలు నిండా జనం మధ్య. ఒకరికి తోటి పనివాడు కనిపించాడు, ఒకరికి అద్భుతం కనిపించింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

అలాగైతే ముఖంలో ఏమీ లేదా అని అడగొచ్చు. ఉంది. ఆంగ్ర్ ఒక పోర్ట్రెయిట్ డ్రాయింగు ఒక్క రోజులో ముగించేవాడనీ, పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు కూర్చోబెట్టుకునేవాడనీ, నడుమ వాళ్ళతో కలిసి భోంచేసేవాడనీ శిష్యులు చెప్పారు. ఆ భోజనం దగ్గరే మనిషి అసలు పోలిక తనకి దొరుకుతుందనేవాడట. ఇది మన పెద్దవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. పెళ్ళిచూపుల్లో కంటే పంక్తిలోనే మనిషి తెలుస్తాడు. అంటే పోలిక కూడా ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటేనే దొరికింది. 1832లో పత్రికాధిపతి బెర్తాన్ తైలచిత్రం కోసం ముందు నిలబెట్టి గీశాడు, కుదరలేదు. మాటల సందర్భంలో ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకి వంగి కూర్చున్నది చూశాక దారి దొరికింది. ఈ రోజు ఆ చిత్రాన్ని అప్పటి ఫ్రాన్సులో డబ్బున్న మధ్యతరగతి మొత్తానికి ప్రతిరూపం అంటారు. బెర్తాన్ కూతురు మాత్రం, మా నాన్న గొప్ప ప్రభువు, ఆంగ్ర్ ఆయన్ని లావాటి రైతుని చేశాడని బాధపడిందని చెబుతారు. ఎగ్జిబిషన్‌లో ఆ వాచీ ఆయన భార్య అన్న మాటకీ దీనికీ ఎంత దగ్గరో!

1999లో లండన్‌లో ఆంగ్ర్ రూపచిత్రాల ప్రదర్శన చూసి, బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఆ చిన్న కాగితాల మీద అంత నమ్మకంగా పడిన గీతలు వట్టి చేత్తో సాధ్యం కావన్నాడు. ఎదుటి మనిషి రూపం కాగితం మీద పడ్డట్టు కనిపించేలా చేసే కెమెరా లూసిడా అనే చిన్న పట్టకం వాడి ఉంటాడన్నాడు. చాలామంది నిపుణులు ఒప్పుకోలేదు. ఆ తగాదా నాకంత ముఖ్యం కాదు. పట్టకం కంటి కొస ఎక్కడుందో చెబుతుంది కానీ, అక్కడ పెన్సిలు ఒత్తాలో తేల్చాలో చెప్పదు. ఆ తర్వాత హాక్నీ చేసిన పని నాకు ముఖ్యం. అదే పరికరంతో లండన్ నేషనల్ గ్యాలరీలో కాపలా ఉద్యోగులు పన్నెండు మందిని, యూనిఫారంలోనే కూర్చోబెట్టి గీశాడు. రోజంతా గొప్పవాళ్ళ బొమ్మల పక్కన నిలబడి ఉండే మనుషులు, ఎవరూ ఒకసారైనా తేరిపార చూడని మనుషులు. బట్టల్లో తేడా లేదు కాబట్టి హోదా చదవడానికి దారి లేదు. ఒక్కొక్కరి ముందు ఒక్కో పూట కూర్చుని చూసిన ఇంకొక మనిషి ఉన్నాడని మాత్రం ఆ గీతలు చెబుతాయి.

పోయిన వానాకాలం మా హాలు గోడ చెమ్మెక్కింది. తాతమ్మ బొమ్మ పాడవుతుందని ఫ్రేము కట్టే షాపుకి తీసుకెళ్ళి విప్పించాను. వెనక అట్ట తీస్తే పాత ఫోటో అందులోనే ఉంది, రూపాయి కాగితమంత. ఆ ఫోటోలో పెదాలు బిగించి లేవు. ఎండకి కళ్ళు చిట్లించుకుని ఉంది, అంతే. మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. బొమ్మ వేసిన కాగితం వెనక మూలలో ఆర్టిస్టు పెన్సిలుతో రాసుకున్న గుర్తు ఉంది: "కాసులపేరు. అబ్బాయిగారు చెప్పిన ప్రకారం. 21 కాసులు."

అబ్బాయిగారంటే మా తాతయ్య. నాన్నకి ఫోన్ చేసి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బందరులో తాతయ్య చదువుకి అమ్మేసిందిరా మా నాయనమ్మ. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టింది. ఆయన ఒక్కసారే చెప్పాడు, అదీ పోయే ముందు" అన్నాడు.

ఇంటికొచ్చి బొమ్మ టేబులు మీద పెట్టుకుని లెక్కపెట్టాను. పైకి కనిపించేవి పద్దెనిమిది. మిగతా మూడూ పమిట అంచు కింద సగం సగం గీసి ఉన్నాయి.